చింతపండుతో తోమిన ఇంజన్

నేను పుట్టుకతోనే పిరికివాణ్ణి. దాచుకోవడానికేమీ లేదు, మా చర్చిలో అందరికీ తెలిసిన సంగతే. గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానంతో ఆబిడ్స్‌లో మా బడి గేటు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఇంటికి తిరిగొచ్చిన లెక్కల మాస్టారిని నేను. లిఫ్ట్ ఎక్కను. కుక్కర్ విజిల్ కాస్త ఆలస్యమైతే వంటింట్లోంచి బయటికొచ్చి వరండాలో నిలబడతాను. అలాంటివాడు పెరట్లో ఆవిరితో నడిచే రైలు పెట్టుకున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా. అదంతా మా అక్క కోసం చేశాను.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మెదక్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న మా ఇంటికి వచ్చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు, ఆమె కూడా చేసుకోలేదు. ఇద్దరమే ఉంటాం. వచ్చేటప్పటికే నీటికాసులతో ఆమె ఎడమ కన్ను పోయింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే చూపు తరిగిపోయే జబ్బది. కుడి కన్నులో కొంత చూపు మిగిలిందనీ, చుక్కల మందు మానకూడదనీ, పోయిన చూపు మాత్రం తిరిగి రాదనీ డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ రోజు నుంచి నా భయాలన్నీ వచ్చి ఒకే చోట కూర్చున్నాయి. అది అక్క కుడి కన్ను.

ఆమె ఎత్తుకు అందే సీతాఫలం కొమ్మలన్నీ కొట్టేశాను. బట్టలారేసే తీగ తీసేశాను. ఆటోలు దూసుకొచ్చే సందు అని ఒంటరిగా గేటు దాటనివ్వలేదు. “ఏంది తమ్మీ, నేనేమన్న కోడిపిల్లనా? గంప కింద కమ్ముతున్నవ్?” అని కోప్పడేది. కోపం తగ్గాక మాత్రం పాపం, వరండాలో కుర్చీ వేసుకుని, స్టేషన్ నుంచి వినబడే అనౌన్స్‌మెంట్లు వింటూ కూర్చునేది. ఏ బండి ఎంత ఆలస్యమో మా ఇంట్లో ఆమెకు తెలిసినట్టు స్టేషన్లో వాళ్లకు కూడా తెలియదు.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఇంటి తోటలో నారో గేజ్ రైలు ఎలా వేసుకోవాలో బొమ్మలతో సహా అందులో ఉంది. మధ్యాహ్నం అక్కకు చదివి వినిపించాను. నర్సు ట్రైనింగ్ రోజుల్లో ఆమె ఎక్కడో కొండల్లో చిన్న రైలు ఎక్కింది. ఆ రైలు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి తానెక్కిన బండి ఇంజనే కనబడిందని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో! పుస్తకం పూర్తిగా వినకుండానే “చెయ్యి తమ్మీ” అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం చాలా అరుదు. కాదనలేకపోయాను.

పని మొదలుపెట్టాక మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు పిచ్చి పట్టింది. పట్టాల మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఎడం. వాటికి ఇత్తడి పట్టీలు కోయించాను. వడ్రంగి దగ్గర పారేసే టేకు ముక్కలు తెచ్చి అడ్డంగా వేసే స్లీపర్లుగా చెక్కాను. కంకరను జల్లెడ పట్టి, కడిగి, పట్టాల కింద పరిచాను. సీతాఫలం చుట్టూ తిరిగి, కరివేపాకు చెట్టు వెనక ఒక చిన్న సొరంగంలోంచి దూరి, వరండా మెట్ల ముందుకు వచ్చేలా దారి వేశాను. పందికొక్కులు రాత్రికి రాత్రి కంకర కట్ట కింద తవ్వేసేవి. పొద్దున్నే లేచి చూస్తే పట్టాలు గాల్లో వేలాడేవి. వాటిని తిట్టుకుంటూ మళ్లీ పూడ్చేవాణ్ణి. “మస్తుగ చేస్తున్నవ్ తమ్మీ” అని అక్క కుర్చీలోంచి అనేది.

మొదట బ్యాటరీ ఇంజనే పెట్టాను, ఏ గొడవా ఉండదని. అది చప్పుడు లేకుండా మెత్తగా తిరిగేది. నేను సంబరంగా “చూడక్కా, నీ ముందుకే వస్తుంది” అన్నాను. ఆమె తల అటూ ఇటూ తిప్పి, “ఏదీ? పోయిందా?” అంది. చిన్నది కదా, కంటికి ఆనలేదేమో అనుకున్నాను. “గిదేం రైలు, దొంగ లెక్క పోతుంది. ఆవిరిది చెయ్యి. పెద్ద రైలు లెక్క కూతపెట్టాలె” అంది.

ఆవిరి అనగానే నాకు చెమటలు పట్టాయి. ఆవిరి అంటే మంట, మరిగే నీళ్లు, మూసిన రాగి బాయిలర్. అది పక్కన ఉండగా అక్క వంగి చూస్తుంది. ఇంకేం కావాలి? వారాల తరబడి సాకులు చెప్పాను. ఆమె అలిగి, అనౌన్స్‌మెంట్ల వైపు తిరిగి కూర్చుంది. చివరికి బేగం బజార్‌లో రాగి పాత్రలు చేసే మనిషి దగ్గరికి వెళ్లాను. అతను బాయిలర్ చేసిచ్చి, “ఏం ఫికర్ చెయ్యకున్రి సార్, బిందె చేసినట్టే చేసిన” అన్నాడు. నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది. బిందెను మూతి మూసి పొయ్యి మీద ఎవరు పెడతారు?

పుస్తకంలో ఉన్నవన్నీ అమర్చాను. కింద స్పిరిట్ దీపం. ఒత్తిడి చూపించే చిన్న ముల్లు, దాటకూడని చోట ఎర్ర గీత. అన్నిటికంటే ముఖ్యం బాయిలర్ నెత్తిన సేఫ్టీ వాల్వ్. ఒత్తిడి ఎర్ర గీతకు చేరగానే అది తనంతట తానే తెరుచుకుని, బుస్సుమని ఆవిరి వదిలెయ్యాలి. అది పనిచేసినంత కాలం ఏమీ కాదు. అందుకే మంట వెలిగించే ముందు ప్రతిసారీ వాల్వ్‌ను గోటితో పైకి లేపి చూసేవాణ్ణి. లేస్తుందా, మళ్లీ కూర్చుంటుందా? ఒకసారి చూసి, నమ్మకం లేక మళ్లీ చూసేవాణ్ణి.

పట్టాలకు దూరంగా ముగ్గుతో ఒక గీత గీసి, అది దాటొద్దని అక్కకు చెప్పాను. ఆమె లక్ష్యపెడితేగా! వెల్డింగ్ వాళ్లు పెట్టుకునే అద్దాలు తెచ్చాను. “గవి పెట్టుకుంటే నాకేం కనబడ్తది?” అని పక్కన పెట్టేసింది. ఇంజన్ వస్తుంటే మెట్టు మీంచి కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, కుడి చెంప దాదాపు పట్టాల దాకా వంచేది. కుడి కంటితో దగ్గరగా చూసుకుంటుంది అనుకునేవాణ్ణి. ఆమె ముఖం వెలిగిపోయేది. నా గుండె మాత్రం ఇంజన్ సొరంగంలోకి దూరి కనబడకుండా పోయేదాకా కుదురుకునేది కాదు. ఆ ఆనందం పాడు చేయలేను. చూస్తూ ఊరుకోనూ లేను. ప్రతి ఆదివారం ఇదే నరకం.

కోత పండుగ వచ్చింది, కొత్త పంట దేవుడికి ఇచ్చుకునే ఆదివారం. మా చర్చిలో పండుగ ముందు శనివారం ఆడవాళ్లంతా ఆరాధన బల్ల మీది ఇత్తడి సిలువ, పూల కూజాలు, కానుకల పళ్లాలు బయటి వరండాలో వేసుకుని, చింతపండూ ఉప్పూ రాసి తళతళలాడేలా తోముతారు. నేను ఆటోలో దించి వస్తే అక్క కూడా వెళ్తుంది. ఆ శనివారం నాకు తెలియకుండా ఇంజన్‌ను సంచిలో పెట్టుకుని వెళ్లింది. దాన్ని కూడా దేవుడి సామానుతో పాటు కూర్చోబెట్టి, బాయిలర్, చిమ్నీ, వాల్వ్, అన్నీ చింతపండుతో రుద్ది రుద్ది తోమింది. తిరిగొచ్చి నా చేతిలో పెడుతుంటే ఇంజన్ బంగారంలా మెరిసిపోతోంది. “గింత మురికిగ ఉంచుతవా? ఇప్పుడు చూడు” అంది. ఆమె మెడ వంచి, ముద్దుగా నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనాలయ్యాక రైలు పట్టాల మీద పెట్టాను. అలవాటుగా వాల్వ్ మీదికి వేలు పోనిచ్చాను. అక్క నా చెయ్యి తడుముకుని పట్టుకుని, “ముట్టకు తమ్మీ, మరకలు పడ్తయ్. జర ఒక్కరోజన్న మెరవనియ్యి” అంది. తోమిన ఇత్తడి మీద వేలి మరక పడితే చర్చి ఆడవాళ్లు కూడా అలాగే అరుస్తారు. సరేలెమ్మని ఊరుకున్నాను. నీళ్లు పోసి, స్పిరిట్ వెలిగించాను. పట్టపగటి ఎండలో స్పిరిట్ మంట కంటికి కనబడదు. నీళ్లు గుసగుసలాడితేనే వెలిగినట్టు తెలుస్తుంది.

ముల్లు మెల్లగా లేచింది. అక్క అప్పటికే ముగ్గు గీత దాటి, ఇంజన్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. ముల్లు ఎర్ర గీతను తాకింది. వాల్వ్ పలకలేదు. ముల్లు గీత దాటింది. అయినా పలకలేదు. ఏ చిన్న బుస కూడా లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిరి వదిలే మీట ఇంజన్ వెనక ఉంది, అక్క చెంపకు బెత్తెడు దూరంలో. దాన్ని తిప్పాలని తెలుసు. చేతులు ఆడలేదు. ముల్లు ఇంకా పైకి పోయింది. “అక్కా, లే!” అని ఎలాగో అరిచాను. నా గొంతు విని ఆమె తల ఎత్తి, ముఖం సరిగ్గా బాయిలర్ మీదికి పెట్టి, “ఏమైంది?” అంది.

అప్పుడు దూకాను. అరచేత్తో ఆమె కుడి కన్ను కప్పేసి, అలాగే వెనక్కి తోశాను. ఆమె మట్టిలో వెల్లకిలా పడింది. నీళ్ల తొట్టి పక్కన తడి గోనెసంచి ఉంటే తెచ్చి ఇంజన్ మీద విసిరి, కింద దీపం చుట్టూ నొక్కాను. చేతులు కాలాయి. ఎంతసేపలా నొక్కి కూర్చున్నానో తెలియదు. సంచి ఎత్తి చూస్తే ముల్లు దిగుతోంది. ఏదీ పేలలేదు, అక్క మీద ఆవిరి చుక్క కూడా పడలేదు.

ఇంజన్ చల్లారాక వాల్వ్ విప్పాను. తోమి సరిగ్గా కడగని చింతపండు గుజ్జు స్ప్రింగు చుట్టూ ఎండి బిగుసుకుపోయింది. పీచు అలాగే ఉంది, పచ్చటి కిలుము పట్టింది. ఇంజన్ తిరగేశాను. చక్రాల మధ్య, దీపం పక్కన, పైనుంచి కనబడని ప్రతి మూలా ముద్దలు ముద్దలుగా చింతపండే. అక్క ఆపరేషన్ థియేటర్‌లో కత్తెరలు కడిగిన మనిషి. అన్నం పళ్లెంలో మెతుకు మరక ఉంటే మళ్లీ కడిగించే మనిషి. ఇంత గుజ్జు వదిలేసిందా?

ఆమె మెట్టు మీద కూర్చుని, దోక్కుపోయిన మోచేతిని తడుముకుంటోంది. దగ్గరికి వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఏదో గుర్తొచ్చింది. నా అరచెయ్యి అంత జోరుగా కంటి మీదికి వస్తుంటే ఆమె రెప్ప వేయలేదు. ముఖం పక్కకు తిప్పుకోలేదు. నా చెయ్యి తగిలాకే ఉలిక్కిపడింది. మెల్లగా చెయ్యెత్తి ఆమె కుడి కంటి ముందు ఊపాను. రెప్ప కదల్లేదు. ఇంకోసారి ఊపాను.

“ఆపు తమ్మీ. నీ చెయ్యి గాలి తగుల్తుంది” అంది.

చెయ్యి దించేశాను. “ఎప్పటి సంది అక్కా?”

“వానకాలం సంది. మెల్లమెల్లగ మసకైంది. వానలు పోయేసరికి ఏం లేదు.”

“చుక్కలు ఏస్తున్నవ్ గదా?”

“ఏస్తనే ఉన్న. గా చుక్కలకు లొంగలే.”

పట్టాలు వేసింది వానాకాలం తర్వాతే. చూడక్కా సొరంగం, చూడక్కా మలుపు అని నేను చూపించిన ప్రతిదానికీ మస్తుగుంది అన్న మనిషి వాటిలో ఒక్కటీ చూడలేదు. పట్టాల దాకా వంచింది కన్ను కాదు, చెవి.

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు భయంతోని సగం చస్తవ్. రైలు బంద్ జేస్తవ్. నన్ను మళ్ల కుర్చీల కూసోబెడ్తవ్. అది దగ్గరికొస్తుంటే నాకు అంతా తెలుస్తది తమ్మీ. యాడ మలిగింది, యాడ దూరింది, అంతా” అంది. మోచేతి మట్టి దులుపుకుంటూ, “వాల్వుల చింతపండు నేనే వదిలిపెట్టిన గదా? కనబడలే” అంది.

కనబడలేదన్న మాట ఆమె నోట వినడం అదే మొదలు. రేపు పొద్దున్నే దవాఖానకు పోదామని చెప్పాను. సరే పోదాం అంది, నా కోసమే అన్నట్టు. తర్వాత, ఇంజన్ బాగైతే వచ్చే ఆదివారం నడిపిస్తవా అని అడిగింది. నడిపిస్తానన్నాను. ఏడుపు ఆగలేదు. ఆమెకు కనబడదు కాబట్టి ముఖం దాచుకోలేదు. వినబడకుండా మాత్రం నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.