తువ్వాలు కింద చెయ్యి

ఆదోనిలో పత్తి బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకొని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకొనేవారు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఒక్కరికీ తెలిసేది కాదు. మా నాన్న పత్తి దళారి. గుడ్డ కింద జరిగింది బయటపెట్టిన మనిషిని మళ్ళీ ఎవరూ దగ్గరికి రానివ్వరని, ఊహ తెలిసినప్పటి నుంచీ మా చెవిలో ఇల్లు కట్టుకొని పోరేవాడు.

మా అన్నకు ఆ పని నచ్చలేదు. బి.ఏ. చదువుతానని పట్టుబట్టి పోయాడు. యాభైలలో మా బజారు నుంచి అంత చదువుకు పోయినవాడు ఆయనొక్కడే. రెండో ఏడు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ చూపు పోయింది. కంటి నరాలు దెబ్బతిన్నాయని, ఇక చేసేదేమీ లేదని బళ్ళారి డాక్టరు చెప్పాడు. హాస్టలు వార్డెను పెట్టె సర్దించి రైలెక్కించాడు, ఇంట్లో కూర్చొని దేవుణ్ణి తలుచుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఆ కాలేజీ మా అన్నకు చేసిన సాయం అప్పటికి అంతే.

ఆరు నెలలు అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. పళ్ళెంలో జొన్నరొట్టె ఎండిపోయేది. అమ్మ ఏడిస్తే లేచి రెండు ముక్కలు నమిలి, ఆమె పోగానే మళ్ళీ గోడవైపే తిరిగేవాడు. మా పెరట్లో బావి ఉండేది. అన్న అటు నడిస్తే చాలు, నేను ఏదో ఒక పని పెట్టుకొని వెనకే పోయేదాన్ని. నా భయం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కాలేజీల్లో ఇట్లాంటి పిల్లల గోడు వినడానికే మనుషులను పెట్టారని విన్నాను. అప్పుడు నాకు ఎవరున్నారు?

ఒకరోజు విసుగు పుట్టి, ఆయన హిస్టరీ పుస్తకం తీసి పక్కన కూర్చొని పైకి చదివాను. ఎస్సెల్సీ అయ్యి ఇంట్లో కూర్చున్నదాన్ని, ఇంగ్లీషు మాటలు నా నోట్లో ముక్కలయ్యేవి. అన్న గోడవైపు నుంచే తప్పు దిద్దాడు. మరునాడు ఇటు తిరిగాడు.

హిస్టరీలోని సంవత్సరాలు గుర్తుండడానికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. నేను ఒక్కో అంకె ఆయన అరచేతిలో నొక్కాలి, ఆయన తిరిగి నా చేతిలో నొక్కి అప్పజెప్పాలి. నాన్న బేరమే, కాకపోతే పత్తికి బదులు రాజులు. ఆ వేసవిలో అన్న నవ్వడం మళ్ళీ విన్నాను.

ఆ కాలేజీలోనే ఒక లెక్చరరు పట్టుదల వల్ల, అన్న పరీక్ష రాయడానికి విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. అన్న చెబుతుంటే, ఆయనకంటే తక్కువ చదివిన మనిషి రాయొచ్చు. తక్కువ చదివినదాన్ని ఇంట్లోనే ఉన్నాను కదా! నాన్న మా ఇద్దరినీ గుంతకల్లులో రైలు మార్చి కాలేజీకి తీసుకుపోయాడు.

మాకు వేరే గది, ఒక సూపర్వైజరు. ప్రతి మాటా ఆయన చెవిన పడేట్టు చెప్పాలి, చేత్తో సైగ చేయకూడదు. మొదటి రెండు పరీక్షలూ బాగా జరిగాయి. హిస్టరీనాడు అన్న ధారాళంగా చెప్పుకుపోతూ ఒక యుద్ధం దగ్గర ఆగాడు. సంవత్సరం నోటికి రాలేదు. ఒళ్ళో పరుచుకున్న ఎమ్మిగనూరు తువ్వాలు కింద ఆయన చెయ్యి నా ఎడమచేతిని వెతుక్కొని నాలుగు అంకెలు నొక్కింది. రాశాను. తర్వాతి జవాబుల్లో ఇంకో రెండు సంవత్సరాలూ అట్లాగే రాశాను. తప్పు చేస్తున్నామని ఇద్దరికీ తోచలేదు.

సూపర్వైజరు వచ్చి తువ్వాలు లాగేశాడు. కాగితాలు తీసుకొని ప్రిన్సిపాలు గదికి నడిపించాడు. బయట కూర్చున్న నాన్ననూ పిలిచారు. నేనే అన్నకు జవాబులు అందిస్తున్నానని సూపర్వైజరు అనుమానం. అన్న ఏమీ దాచలేదు. అంకెలు తనే చెప్పానని, ఏ అంకె ఎట్లా నొక్కుతామో కూడా వివరించాడు. ప్రిన్సిపాలు చెడ్డమనిషి కాదు, ఓపికగా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నిజమేనా అమ్మా అని అడిగాడు.

నేను నాన్న మొహం చూశాను. గుడ్డ కింది సంగతి కొడుకు పరాయివాళ్ళ ముందు విప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఎన్నో బేరాలు తెగ్గొట్టిన మనిషి, కొడుకు కోసం ఒక్క ముక్క మాట్లాడలేదు.

"లేదు సార్. మేము సెయ్యి కూడా పట్టుకోలేదు," అన్నాను.

ఇద్దరి మాటలూ కలవలేదు కాబట్టి ఆ ఏటి పరీక్షలన్నీ రద్దు చేశారు. నేను ఔనని ఉంటే జవాబుల్లో ఆ మూడు సంవత్సరాలు కొట్టేసి మిగతాది రాయనిచ్చేవారని లెక్చరరు వరండాలో చెప్పాడు. ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను.

తిరుగు రైల్లో, వచ్చే ఏడు రాయొచ్చులే అని అన్నతో అన్నాను.

"అబద్ధమాడినావని కాదు పాపా," అన్నాడు అన్న. "నేను సెప్పింది నిజమని ఆడ తెలిసినదానివి నువ్వొక్కదానివే."

మరుసటి ఏడు అనుమతి కాగితం మళ్ళీ వచ్చింది. నేనే చదివి వినిపించాను. రాసేదెవరని అన్న అడగలేదు. నేను రాస్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.