ఫ్రెష్ డ్యామేజ్ అన్న మాటకు అర్థం

1996 జూన్‌లో విశాఖపట్నం పోర్టులో ఓడలకు సరుకు ఎక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో కార్గో సూపరింటెండెంటుగా చేరాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నా కింద ఆరుగురు ఫోర్‌మన్లు ఉండేవారు. ఒక్కో ఫోర్‌మన్ కింద ఒక్కో గ్యాంగు పనిచేసేది.

సరుకు ఎక్కించేటప్పుడు మావాళ్ల వల్ల ఓడకు ఏదైనా దెబ్బ తగిలితే, మేట్ ఒక కాగితం రాసి ఫోర్‌మన్ చేతికిస్తాడు. మేట్ అంటే ఓడలో కెప్టెన్ తరువాతి అధికారి. ఆ కాగితాన్ని డ్యామేజీ రిపోర్టు అంటారు. ఫోర్‌మన్ సంతకం పెట్టాడంటే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టు. నేను చేరడానికి కొద్దిరోజుల ముందు ఒక ఫోర్‌మన్ 'నెగ్లిజెన్స్' అన్న మాట అర్థంకాక సంతకం పెట్టేశాడు. కంపెనీ అతన్ని తిరిగి వించి, అంటే సరుకు ఎత్తే యంత్రం, నడిపే పనిలోకి దించింది. మిగిలినవాళ్లకు రోజూ షిఫ్టుకు ముందు అరగంట ఇంగ్లీషు నేర్పమని మేనేజరు నాకు పురమాయించారు.

నేను యాభై ఇంగ్లీషు మాటలు, ఎదురుగా వాటి తెలుగు అర్థాలు రాసి జిరాక్సులు పంచాను. వారం తిరక్కుండానే నూకరాజు అనే ఫోర్‌మన్ అడ్డం తిరిగాడు. అతనిది భీమిలి, సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. అప్పటికే యాభై దాటిన మనిషి, ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు.

"డ్యామేజ్ అన్నా నష్టమే రాసేరు, లాస్ అన్నా నష్టమే రాసేరు. రెండూ ఒకటేనా సార్?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ తీశాను. మర్నాటి నుంచి అర్థాలు ఇవ్వడం మానేసి నిర్వచనాలు ఇవ్వడం మొదలుపెట్టాను. వస్తువు ఉండి చెడిపోతే డ్యామేజ్. వస్తువే లేకపోతే లాస్. రంగు చెక్కుచెదరకుండా రేకు లోపలికి నొక్కుకుపోతే డెంట్. వేలితో తడిమితే తగలని మరక స్టెయిన్. గోరు దిగబడితే పిట్. ప్రతి మాటకూ కంటితోనో చేత్తోనో చేసే పరీక్ష ఒకటి ఉండాలని నియమం పెట్టాం. 'ఫ్రేడ్' అన్న మాటకు డిక్షనరీ రెండు వరుసలు తీసుకుంది. నూకరాజు మాత్రం, "వలతాడు పురి ఇడిపోయి పీచు లేత్తది సూడండి, అదే" అని తేల్చాడు. ఆ నిర్వచనమే అందరూ రాసుకున్నారు.

ఒకరోజు 'ఫ్రెష్' దగ్గర ఆగాడు. "సేపకైతే మొప్ప ఎత్తి సూస్తాం. ఇనుముకి ఏటి సూడాల?"

దెబ్బ తగిలినచోట ఇనుము మెరుస్తూ కనిపించాలని చెప్పాను. మన సముద్రపు గాలికి ఇనుము ఒక్కరోజులో ఎర్రబడుతుంది కాబట్టి తుప్పు ఒక్కటే చూసి పాతదని అనకూడదని, తుప్పు మీద రంగు కూడా ఉంటే అప్పుడు పాతదేనని అన్నాను. అతను రాసుకున్నాడు.

వానాకాలం చివర్లో ఒక విదేశీ ఓడకు వైరు రాడ్ కాయిల్సు, అంటే లావుపాటి ఉక్కు తీగ చుట్టలు, ఎక్కించాం. మధ్యాహ్నం మూడింటికి పని ముగిసింది. ఐదింటికి ఓడ కదలాలి, ఓడను రేవు దాటించే పైలట్‌ను కూడా బుక్ చేశారు. అప్పుడు మేట్ ఒక రిపోర్టు తెచ్చాడు. మూడో హోల్డులోకి, అంటే ఓడ అడుగున సరుకు నింపే గదిలోకి, దిగే ఇనుప నిచ్చెన సరుకు ఎత్తే మా స్లింగు తగిలి పగిలిందని, అది 'ఫ్రెష్ డ్యామేజ్' అని అందులో ఉంది. ఆ హోల్డులో పనిచేసింది నూకరాజు గ్యాంగు. అతను సంతకం పెట్టనన్నాడు. సంతకం లేకుండా ఓడ కదలదని మేట్ పట్టుబట్టాడు.

నేను షెడ్డులో కాగితాలు చూసుకుంటున్నాను. నూకరాజు వాకీటాకీలో విషయం చెప్పాడు. ఓడ ఆలస్యమైతే మేనేజరుకు సంజాయిషీ ఇవ్వాల్సింది నేను.

"'ఫర్ రిసీట్ ఓన్లీ' అని రాసి సంతకం పెట్టెయ్. కాగితం అందిందనే తప్ప ఒప్పుకున్నట్టు కాదు" అన్నాను.

అతను ఒప్పుకోలేదు. "నాను దిగి సూసేను సార్. పగులు లోపల తుప్పుంది. తుప్పు మీద పచ్చరంగుంది. ఫ్రెష్ అంటే ఏటో మీరే సెప్పేరు కదా. నాను సంతకం ఎట్టను."

నేను తప్పనిసరై ఓడ ఎక్కాను. మేట్ కోపంగా ఉన్నాడు. నూకరాజు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. టార్చి పట్టుకుని, "కమ్, సీ" అని ముందు తాను నిచ్చెన దిగాడు. మేట్ దిగాడు, వెనక నేను. నూకరాజు పగులులో టార్చి వేసి గోరుతో గీశాడు. పచ్చటి పెచ్చు ఊడి వచ్చింది, దాని అడుగున తుప్పు. "పెయింట్. అండర్, రస్ట్. నాట్ ఫ్రెష్" అన్నాడు.

మేట్ ఆ పెచ్చును వేళ్ల మధ్య నలిపి చూశాడు. పైకి వచ్చాక 'ఫ్రెష్' కొట్టేసి 'నోటీస్డ్' అని రాశాడు, అంటే గమనించాం అని. నూకరాజు కాగితం అందుకుని ఒక్కో మాటా వేలు పెట్టి చదివాడు. 'బై స్టీవ్‌డోర్స్', అంటే సరుకు ఎక్కించే మావాళ్ల వల్ల, అన్న చోట ఆగి, అదీ తీసేయాలన్నాడు. మేట్ నావైపు చూశాడు. ఈసారి నేను నూకరాజు వైపు నిలబడ్డాను. ఆ మాటలూ కొట్టేశారు. అప్పుడు నూకరాజు కింద 'ఓల్డ్ డ్యామేజ్, పెయింట్ ఓవర్ రస్ట్' అని తన దస్తూరీతో రాసి సంతకం పెట్టాడు. ఓడ ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. మేనేజరు ఆ రిపోర్టు చదివి, ఆలస్యం గురించి నన్నేమీ అడగలేదు.

ఆ తరువాత పదకొండేళ్లు అదే ఉద్యోగంలో ఉన్నాను. మాటకు తెలుగు అర్థం తెలిసినవాడు కాగితం చదవగలడు. నిర్వచనం తెలిసినవాడు ఆ కాగితం నిజమో కాదో తేల్చగలడు. ఆ రోజు నాకు నిర్వచనం తెలుసు, కానీ నిచ్చెన చూడకుండానే సంతకం పెట్టమన్నాను. చూడకుండా సలహా ఇవ్వడం అప్పటి నుంచి మానేశాను.