పుష్పలీల అడిగిన ఇరవై నిమిషాలు

మా మేనకోడలు పుష్పలీల జీవితంలో మొట్టమొదటి గెలుపు ఫ్రెంచివారి బ్రెవే పరీక్ష. మన పదో తరగతి లాంటిది. 1985లో, మూడోసారి కూర్చుని గట్టెక్కింది. ఆ పరీక్ష రాయాలంటే పాండిచ్చేరి పోవాలి. యానాం నుంచి కాకినాడకు బస్సు, అక్కడి నుంచి మద్రాసుకు రైలు, మళ్ళీ బస్సు. మా అక్క రాజ్యం మూడుసార్లూ కూతురి వెంట వెళ్ళింది. మొదటిసారి పిల్ల జ్వరంతో రాసింది. రెండోసారి నోటి పరీక్షలో ఎదురుగా కూర్చున్న టీచరమ్మ గోదావరి యాసలో ఫ్రెంచి విని ఫక్కున నవ్వింది. దాంతో పిల్ల నోరు మెదపలేదు. మూడోసారి ఆవిడ నవ్వకముందే తానే నవ్వేసి మొదలుపెట్టిందట. యానాంలో వాళ్ళుండే కనకాలపేటలో ఆ పరీక్ష నెగ్గిన మొదటి ఆడపిల్ల మా పుష్పలీలే.

స్టీవెనేజ్‌లో, అంటే ఇంగ్లండులో మేముండే ఊళ్ళో, మా తెలుగు సంఘం కమిటీ ఉంది చూశారూ, వాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను. వాళ్ళు చదవరు. కనీసం మీరు చదవండి.

నేను ఎదుర్లంక బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఎదుర్లంక గౌతమికి ఇవతలి ఒడ్డు, ఆంధ్రా. అవతలి ఒడ్డు యానాం. మా చిన్నప్పుడు వంతెన లేదు, పడవ మీద దాటేవాళ్ళం. మా అక్కను ఆ ఒడ్డుకిచ్చి చేశారు. ఇటు మాట్లాడే తెలుగే అటు కూడా. ఇటు తినే చేపలే అటు కూడా. అయితే అటుపక్క రెండు వందల ఏళ్ళు ఫ్రెంచివాళ్ళు ఏలారు. 1954లో వాళ్ళు వదిలిపోయే నాటికి మా బావ వాళ్ళ కోర్టులో గుమాస్తా. తరవాత ఇష్టమున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చునంటే ఉండిపోయాడు. ఇంట్లో అన్నం దగ్గర తెలుగు, పుస్తకం దగ్గర ఫ్రెంచి. పుష్పలీల అలా పెరిగింది. ఊరేమో పుదుచ్చేరి ప్రభుత్వం కిందికి పోయింది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. గొడవంతా అక్కడే.

తరవాత సాధించినవి కూడా చెప్తాను, దాచుకోవడం దేనికి? పెళ్ళయ్యాక భర్తతో ఫ్రాన్సు వెళ్ళింది. అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో పదిహేడేళ్ళు పనిచేసింది. భర్త పోయాక మా అబ్బాయి శ్రీకర్ "వదినా, ఇక్కడికి వచ్చెయ్" అంటే 2009లో స్టీవెనేజ్ వచ్చింది. ఇక్కడా అలాంటి ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో చేరింది. ఏడేళ్ళకు సీనియర్ కేరర్. ఇరవై రెండు మందికి డ్యూటీల రోటా వేసేది ఆవిడే. యాభై దాటాక కారు నేర్చుకుని రెండో టెస్టుకే పాసయింది. నా కొడుక్కి నాలుగు పట్టాయి.

2017లో సంఘం వాళ్ళ శనివారం తెలుగు బడి పిల్లల్లేక మూతపడబోయింది. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, బదులు మటుకు ఇంగ్లీషులో వస్తుంది. తల్లిదండ్రులేమో స్కూల్లో ఫ్రెంచి మార్కులు రావడం లేదని ఏడుస్తున్నారు. పుష్పలీల ఫ్రెంచి నేర్పుతానంది. ఒక్కటే షరతు: ఆ గదిలో ఇంగ్లీషు వినపడకూడదు. కనకాలపేట బడిలో ఆవిడ మాస్టారికి ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి మొత్తం తెలుగులోనే చెప్పేవాడు. ఈవిడా అంతే. ఫ్రెంచి కావాలంటే తెలుగు వాకిట్లోంచి రావాల్సిందే.

ఒకరోజు కిటికీ పక్కన కూర్చుని విన్నాను. వంకాయ పైకెత్తి చూపించింది.

"ఓబెర్జీన్," అన్నది.

"ఆంటీ, దట్స్ ఇంగ్లీష్!" అన్నది ముందు వరసలో పిల్ల. పేరు తేజ. సంఘం అధ్యక్షుడు సుబ్బరాజు కూతురు.

"కాదమ్మా. ఇంగ్లీషోళ్ళే ఫ్రెంచోళ్ళ దగ్గర పట్టుకొచ్చుకున్నారు. వాళ్ళకి సొంత వంకాయ లేదు పాపం. మనకుంది. ఏంటది?"

"వంగ్... వంకాయ."

"ఆయ్, అదీ! ఇప్పుడు బేరమాడు."

నలుగురితో మొదలైన తరగతి ఇరవై ముగ్గురయింది. ఈ మే నెలలో ఆరుగురు ఇక్కడి పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈలో ఫ్రెంచి రాయాలి. తొమ్మిదేళ్ళలో ఆవిడ పైసా పుచ్చుకోలేదు. ఏటా ఉగాదికి రెండు వందల మందికి పులిహోర కలిపిందీ ఆవిడే. కలిపినన్నాళ్ళూ ఎవరికీ ఆవిడ ఊరు గుర్తుకు రాలేదు.

జనవరి ఆఖరి శనివారం కమిటీ కూర్చుంది. నేనూ సభ్యుణ్ణే, వెళ్ళాను. పుష్పలీల లేచి అడిగింది.

"ఉగాది సంబరం మార్చి ఇరవై ఒకటిన చేస్తన్నాం కదండీ. ముందురోజు ఇరవయ్యో తారీకు ఫ్రెంచి భాషకి పండగ, అన్ని దేశాల్లోనూ చేస్తారు. మన పిల్లలు చిన్న నాటకం కట్టారు. మా యానాం మంగళవారం సంత. అమ్మేవోళ్ళు ఫ్రెంచిలో అరుస్తారు, కొనేవోళ్ళు తెలుగులో బేరమాడతారు. ఇరవై నిమిషాలు ఇప్పించండి."

సుబ్బరాజుది భీమవరం. ఇక్కడ విమానాల కంపెనీలో కాంట్రాక్టు పని. కుర్చీలో వెనక్కి వాలి, "ఉగాది స్టేజీ మీద ఫ్రెంచేంటండీ మేడంగారూ? మనల్ని ఏలినోళ్ళ భాషకి మనమే హారతి పట్టాలా?" అన్నాడు.

"ఆ మాట మీరు ఇంగ్లండులో కూర్చుని అంటన్నారు బాబూ," అన్నది పుష్పలీల.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతనికి చుర్రుమంది.

"ఆయ్, యానాం గొప్ప మాకు తెలీదేటండీ! కుర్రోళ్ళప్పుడు కారేసుకుని ఎల్లేవోళ్ళం, డిక్కీ నింపుకుని వచ్చేవోళ్ళం. ఆ సీసాల మీద రాసిందే మాకు ఫ్రెంచి!"

ఈసారి గదంతా నవ్వింది. పుష్పలీల మటుకు నిలబడే ఉంది.

"మీరు తాగడానికొచ్చిన ఊళ్ళోనే బాబూ, మేం చదువుకున్నది. ఎవరిక్కావలసింది వాళ్ళు పట్టుకెళ్ళారు."

అప్పుడు కార్యదర్శి రత్నకుమారి కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ ఎవరినీ ఎగతాళి చెయ్యదు. గొంతు కూడా పెంచదు. ఆవిడకన్నా సుబ్బరాజే నయం అనిపిస్తుంది. "నవ్వులాట వద్దండీ, రూలు చూద్దాం," అంటూ ఫోనులో చదివింది. సంఘంలో సభ్యులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు చెందినవారై ఉండవలెను. సభ్యులు కానివారు వేదిక మీద కార్యక్రమం ఇవ్వరాదు, తరగతులు నడపరాదు. "మీ సభ్యత్వం ఫారంలో పుట్టిన ఊరు పుదుచ్చేరి అనుంది కదండీ. పాస్‌పోర్టేమో ఫ్రెంచిది. మేమేం చెయ్యగలం? తమిళ సంగం వాళ్ళని ఒక మాటు అడిగి చూడండి, వాళ్ళు మంచివాళ్ళు."

నేను లేచాను. "ఏమ్మా, నాది ఎదుర్లంక. దాన్ని కన్న మా అక్కదీ ఎదుర్లంకే. ఏరు దాటి కంటే తమిళపిల్ల పుడతదా?"

"అంకుల్, మీరు ఎమోషనల్ అవుతున్నారు. కూర్చోండి."

"కూర్చోను."

"మావయ్యా, కూకో," అన్నది పుష్పలీల. కూర్చున్నాను. ఆవిడ రత్నకుమారి వైపు తిరిగింది. "తొమ్మిదేళ్ళుగా మీ పిల్లలకి పాఠం చెప్తన్నాను. అప్పుడు తియ్యలేదేం ఈ రూలు?"

"అప్పుడు మీరు స్టేజీ అడగలేదు కదండీ."

నిజం ఆ ఒక్క వాక్యంలో ఉంది. వండిపెట్టేటప్పుడు తెలుగుది, వేదిక అడిగితే పరాయిది. ఆవిడ తెలుగుదని రుజువు చేసే సర్కారీ కాగితం ఏదైనా తెస్తే ఏప్రిల్ పద్దెనిమిదిన సర్వసభ్య సమావేశంలో పెడతామని తీర్మానించారు. నాటకం మటుకు లేదన్నారు.

ఇంటికొచ్చాక నా కొడుకు ఇంకో పుల్ల వేశాడు. "నాన్నా, సుబ్బరాజుగారూ నేనూ ఒక్క ఆఫీసే. వదిన ఆ ఫ్రెంచేదో మానేసి ఊరుకోవచ్చుగా?" వాడితో పది రోజులు మాట్లాడలేదు. ఇప్పటికీ పొడిపొడిగానే.

ఉగాది వచ్చింది. పుష్పలీల ఈసారి పులిహోర కలపలేదు. వెనక వరసలో నా పక్కన చేతులు కట్టుకు కూర్చుంది. పిల్లలకు తెలుగులో మాట్లాడే పోటీ పెట్టారు. పదిమంది ఎక్కారు. సగంమంది రెండో వాక్యానికే ఇంగ్లీషులో పడ్డారు. తేజ మాత్రం సంతలో చేపలమ్మే ఆవిడలా నడుం మీద చెయ్యి వేసుకుని మూడు నిమిషాలు గలగలా మాట్లాడింది. హాలు గోల గోల. బహుమతి దానికే. సుబ్బరాజు మొదటి వరసలో లేచి నిలబడి చప్పట్లు. పక్కవాళ్ళతో "భీవరం రక్తమండీ!" అంటున్నాడు.

వ్యాఖ్యాత స్రవంతి మైకు పెట్టి, "ఇంత చక్కటి తెలుగు ఎవరు నేర్పారమ్మా, నాన్నగారా?" అన్నది.

"నో, నాన్న ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారు. పుష్పలీల ఆంటీ నేర్పింది. ఫ్రెంచి క్లాసులో."

పదమూడేళ్ళ పిల్ల, ఉన్నది చెప్పింది. చప్పట్లు ఆగిపోయాయి. సుబ్బరాజు కూర్చోవడం చూశాను. ఇలాంటిచోట మనిషన్నవాడు వెనక్కి తిరిగి ఒక నమస్కారం పెడతాడు. ఇతను కూతుర్ని చెయ్యి పట్టుకుని భోజనాలకు ముందే తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర మా వైపు చూసి, "పిల్లల్ని బాగానే తయారుచేశారు మేడంగారూ, పెద్దోళ్ళ పరువు తియ్యడానికి," అన్నాడు.

"పరువు తీసింది పిల్ల కాదు బాబూ. ఇంట్లో మీరు మాట్లాడని తెలుగు," అన్నది ఆవిడ.

మంగళవారం ఈమెయిలు వచ్చింది. తరగతి ఆపెయ్యాలట. ఏప్రిల్ పద్దెనిమిదిన సభ్యత్వం తేలకపోతే ఆ గది చదరంగం క్లాసుకు ఇచ్చేస్తారట. ఇరవై ముగ్గురు పిల్లలు, అందులో ఆరుగురు పరీక్షకు ఆరేడు వారాల దూరంలో ఉన్నారు. ఆ ఉత్తరంలో పిల్లల ఊసే లేదు.

"వదిలెయ్, లీలా. వాళ్ళ మొహాన కొట్టి మనింట్లో చెప్పుకుందాం," అన్నాను.

"మన ముందుగదిలో ఎనిమిది మందికి చోటు, మావయ్యా. మిగతా పదిహేనుమందిని ఎక్కడ కూకోబెట్టను? కమిటీ కోసం కాదు, ఆ గది కోసం కాగితం తెచ్చి సభకి ఎల్తాను."

రోటాలో తన సెలవు తానే వేసుకుని ఏప్రిల్ రెండున యానాం బయలుదేరింది. వాళ్ళ నాన్న చెప్పిన మాట ఒకటి ఆవిడ మనసులో ఉంది. ఫ్రెంచి హయాంలో యానాంలో పెళ్ళిళ్ళు సర్కారు దఫ్తరులో రాసేవారు. వాళ్ళ తాతగారి పెళ్ళి కూడా రాశారు. ఆ పద్దు నకలు దొరికితే చాలునంది. దఫ్తరు ఆఫీసులో నాలుగు రోజులు తిప్పారట. ఒకరోజు గుమాస్తా లేడు, ఒకరోజు తాళం లేదు, ఒకరోజు సెలవు. మనవాళ్ళు ఎక్కడైనా మనవాళ్ళే.

మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనక ఆటోల మోత.

"దొరికింది మావయ్యా! పందొమ్మిది వందల ఇరవై ఆరు. అంతా ఫ్రెంచిలోనే రాశారు. అడుగున ఏముందో తెల్సా? 'వధూవరులకు తెలుగు తప్ప అన్యభాష తెలియనందున, పైన వ్రాసినదంతయు తెలుగులో చదివి వినిపించడమైనది' అని. దాని కింద తాత సంతకం. గుండ్రంగా, తెలుగులో. నాయనమ్మది వేలిముద్ర."

ఆ అడుగు ముక్క మళ్ళీ చదవమన్నాను. చదివాక "సరే, అన్నం తిన్నావా?" అన్నాను.

ఆ నకలును ఫోటో తీసి రత్నకుమారికి పంపింది. సాయంత్రానికి జవాబు: పత్రం ఫ్రెంచిలో ఉన్నందున కమిటీలో ఎవరూ చదవలేరు, అధికారిక ఇంగ్లీషు అనువాదం జతచెయ్యనిదే పరిశీలించలేము. చూశారా వరస? తెలుగు సంఘంలో తెలుగుదాన్నని చెప్పుకోవడానికి ఇంగ్లీషు కావాలి! ఆ రత్నకుమారి కొడుకు రిషి ఇదే తరగతిలో నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాడు. ఆ కాగితం వాడికిస్తే చదివి అమ్మకు తెలుగులో చెప్తాడు. అడగడానికి ఆవిడకు మొహం చెల్లదు.

పుష్పలీల రెండు ముక్కల్లో జవాబు రాసింది. ఇంగ్లీషు చేయించను. సభలో నిలబడి ముందు ఫ్రెంచిలో చదువుతాను, తరవాత తెలుగులో చెప్తాను, రెండూ వినండి, ఆపైన చేతులెత్తండి.

చేతులు ఎన్ని లేస్తాయో నాకు తెలియదు. సుబ్బరాజు ఇంటింటికీ ఫోన్లు చేస్తున్నాడని విన్నాను. నా చెయ్యి ఒకటి ఖాయం. శ్రీకర్‌ను నిన్న అడిగితే నేల చూపులు చూశాడు. ఆరుగురు పిల్లల తల్లిదండ్రులు వస్తామన్నారు. ఇది చదివిన సభ్యులెవరైనా ఉంటే ఏప్రిల్ పద్దెనిమిది, శనివారం, ఇంట్లో కూర్చోకండి. ఆవిడ అంతకు రెండు రోజుల ముందే కాగితంతో సహా లండన్ హీత్రూలో దిగుతుంది. ఏప్రిల్ పదహారు, గురువారం.