ఆత్మకూరులో పెట్టని సంతకం

మొన్న ఒక పెళ్లిలో భోజనానికి కూర్చుంటే వెనక పంక్తిలోంచి నా గురించి ఒకామె అన్న మాట వినపడింది. "మొగుడికి మతి పోతే ఈమెకు మంచిదే అయింది. అంతా గుప్పిట్లో పెట్టుకునింది." తిరిగి చూడలేదు. ఇంకొంచెం పప్పు వేయించుకుని తిన్నాను. ఇంటికొచ్చాక మాత్రం, ఆ మాట ఊరంతా తిరిగేలోపు అసలు సంగతి కాగితం మీద ఉండాలనిపించింది. ఎనిమిదితో బడి మానేసినదాన్ని. తక్కిన చదువంతా ఉదయగిరి గ్రంథాలయంలోదే. రాయడానికి నాకేం భయం?

మా ఆయన కొయ్య చెంచాలు చెక్కే మనిషి. మా కొండల్లో దొరికే నర్ది కర్రను చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇది గరిటెకా, చెంచాకా అని తేల్చేవాడు. మతిమరుపు ముందు ఆకురాయి దగ్గరే బయటపడింది. ఒక చెంచా కాడను పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్ది రుద్ది అగ్గిపుల్లంత చేసి, "ఇంకా నున్నగా కాలా" అన్నాడు. తర్వాత బ్యాంకు పుస్తకం బియ్యం డబ్బాలో, మా చెంచాల అంగడి తాళంచెవి పెరుగు గిన్నెలో దొరకడం మొదలైంది. నెల్లూరు డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. ఆ పేరు పట్టుకుని నేను గ్రంథాలయానికి పోయాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదట్లో మందులకు డబ్బు కావాల్సి వచ్చి, బ్యాంకు కాగితం ముందు పెట్టి, ఆయన చేతికి పెన్ను అందించి "ఇక్కడ" అన్నాను. ముత్యంలాంటి సంతకం పడింది. "ఇది దేనికే?" అని అడిగాడు. చెప్పాను. గడప దాటేలోపు మళ్లీ అడిగాడు. నాకు సిగ్గేసింది. చట్టాల పుస్తకం కోసం గ్రంథాలయం సారు బీరువాలన్నీ గాలిస్తే వంటల బీరువాలో దొరికింది. మూడుసార్లు చదివాను. తెలివి లేని స్థితిలో పెట్టిన సంతకం చెల్లదని అందులో ఉంది. ఇక ఆయన చేత ఏ కాగితం మీదా పెట్టించనని ఒట్టు పెట్టుకున్నాను.

మా మరిదికి ఆ చెయ్యే కావాల్సి వచ్చింది. ఒకరోజు కారు తీసుకొచ్చాడు.

"వదినా, అంగడి నా పేరుకు మారిస్తే నేను చూసుకుంటా. అన్న సంతకం ఇంకా బాగానే పెడతాడు గదా. ఆత్మకూరు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి కానిచ్చేద్దాం."

"అట్నే. నేనూ వస్తా."

"ఎండలో నువ్వెందుకు వదినా?"

"మీ అన్నకు ఒంటేలు వస్తే నువ్వు పోయిస్తావా?"

మరిది కారు తలుపు తీశాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో అధికారి ఆడమనిషే. "పెద్దాయనా, ఏం రాసిస్తుండారు?" అని అడిగింది. మా ఆయన పెన్ను తీసుకున్నాడు. ఆ చెయ్యి అలవాటుగా కదిలితే అంగడి పోయినట్టే. ఆయన పెన్నును బొటనవేలితో తడిమాడు, వాసన చూశాడు. "ఇది మన కర్ర కాదు. దీంట్లో చెంచా రాదు" అని తిరిగి ఇచ్చేశాడు.

"సంతకం పెట్టన్నా!" అంటూ మరిది ఆయన చెయ్యి పట్టుకోబోయాడు.

"వదులు. నేనొకసారి ఆ పని చేసి సిగ్గుపడినా. నువ్వు పడబాక" అని, ఆయనకు మతి నిలకడ లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆమె చదివి, దస్తావేజు మడిచి మరిది చేతికి ఇచ్చేసింది. తిరిగి మేమిద్దరం బస్సులో వచ్చాము.

అంగడి ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. నేను అర్జీ పెట్టుకుంటే కోర్టు నన్ను ఆయనకు సంరక్షకురాలిగా పెట్టింది. ప్రతి ఖర్చుకూ చీటీ ఉంది, పెళ్లిలో మాట్లాడిన ఆమె వచ్చి చూసుకోవచ్చు. ఉలులు పెట్టెలో వేసి తాళం పెట్టాను, ఆకురాయి మాత్రం ఆయనకే ఇచ్చాను. "ఆ పనిముట్లు అమ్మేయరాదా?" అనేవాళ్లకు నా జవాబు ఒకటే: మనిషి ఇంకా ఉండాడు.

పుస్తకం వెతికిపెట్టిన గ్రంథాలయం రమణయ్య సారుకు, నేను కోర్టుకు పోయిన రోజుల్లో మా ఆయన్ను కనిపెట్టుకుని ఉన్న పక్కింటి షకీలాకు, అర్జీ రాసిన వకీలు సుజాతమ్మకు, చార్జీ తీసుకోని ఆటో మస్తానుకు నా నమస్కారం. కాలం మా ఇంట్లో పేర్లను కూడా ఎత్తుకుపోయింది. ఆయన నోట నా పేరు పోయి ఏడాది. ఈ నాలుగు పేర్లు మాత్రం దానికి ఇవ్వను.