రూడీ స్నానానికి నేను మోసిన నింద

మా పక్కింటి ఆర్డిత్ ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి వండిపెట్టిన మనిషి. ఏ పిల్లకి ఏది పడదో ఇప్పటికీ నోటికి చెబుతుంది. ఆవిడకి దొరికిన కుక్క రూడీకేమో లోకంలో ఏదీ పడదు. సబ్బు మారితే దద్దుర్లు, గడ్డిలో దొర్లితే దురద.

అందుకే శనివారం శనివారం నేలమాళిగలో, బట్టలుతికే తొట్టిలో వాడికి స్నానం. పాత మేజోడులో ఓట్స్ పిండి మూటగట్టి గోరువెచ్చని నీళ్లలో పిసుకుతుంది. వేడి మోచేత్తో చూస్తుంది. తువ్వాలుతో అద్దుతుందే గానీ రుద్దదు. రూడీ పిలవకుండానే తొట్టిలోకి దూకేవాడు.

చలికాలం చివర మంచుమీద జారి ఆవిడ మణికట్టు విరిగింది. "నువ్వు ఎప్పట్లా శనివారం చర్చి వంటకి వెళ్లు, వాడి స్నానం నేను చూసుకుంటా," అన్నాడు మొగుడు డెల్మర్. ఆవిడ కట్టుతోనే వెళ్లి అక్కడ పెత్తనం చేసి వచ్చేది. కుక్క ఒళ్లు తడిగా ఉండేది, ఓట్స్ డబ్బా తగ్గుతుండేది. ఇంకేం అనుమానం వస్తుంది?

మే నెలకి రూడీ పొట్ట ఎర్రగా పుండ్లు పడింది. అప్పుడే నా పచ్చికకి కలుపు మందు కొట్టించాను. మందు కొట్టాం, తొక్కొద్దని మందువాళ్లు గుచ్చిన పసుపు జెండాని పీకి, ఆర్డిత్ నా గుమ్మంలో పడేసింది.

"నీ గడ్డి నిగనిగలాడాలని నా కుక్క చర్మం ఊడాలా, జొలీన్?"

కంచె దగ్గర డెల్మర్ బూట్లవంక చూస్తూ, "ఘాటు మందే మరి," అన్నాడు. ఇరవై ఏళ్లు నా కాఫీ తాగిన మనిషి. ఏటా ఆవిడ తన తోటలోంచి కోసిచ్చే పుల్లటి రూబార్బ్ కాడలు ఆ ఏడు నాకు రాలేదు.

ఆర్డిత్ కట్టు విప్పించుకుని, రూడీని కూడా కార్లో వేసుకుని మొగుడూ పెళ్లాలు వస్తూ పెట్రోలుకి ఆగారట. పక్కనే కార్ వాష్, దానికో మూల కుక్కల్ని కడిగే గది. రూడీ సీటు కింద దూరి వణికాడు. అక్కడి ఆవిడ నవ్వుతూ వచ్చి, "ఏం డెల్మర్, ఇవాళ మనవాడికి కొబ్బరి షాంపూ వద్దా? వేడిగాలి మిషను బాగు చేయించాంలే," అందట.

ఆర్డిత్ తిన్నగా మా ఇంటికొచ్చి అంతా చెప్పింది. "శనివారం శనివారం వాణ్ణి అక్కడే కడిగించి, ఓట్స్ పక్షులకి పోశాడట. రా, రూడీకి నీళ్లు పొయ్యాలి. నా చెయ్యింకా తిరగట్లేదు."

నాకు కోపం పోలేదు. అయినా వెళ్లాను.

డెల్మర్ తువ్వాలు పట్టుకుని నేలమాళిగ మెట్ల మీద నిలబడ్డాడు. "మోకాళ్ల నొప్పులు, ఆర్డిత్. ఈ మెట్లు దిగి వంగలేను. చెబితే చేతకానివాడివంటావని."

"అనేదాన్నే. అని, జొలీన్‌ని పిలిచేదాన్ని," అంది ఆవిడ, తొట్టిలో ఉన్న రూడీ మీంచి తల తిప్పకుండా. "పుండ్లు మానతాయి. నేనీమెని అన్నేసి మాటలంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు చూడు, అది మానదు."

ఆయన ఇంకో మెట్టు దిగాడు. ఆ అడుగు చప్పుడుకే రూడీ తొట్టి మూలకి నక్కి, నా చేతి కింద తల దాచుకున్నాడు.