రాజు ఈసారి దూకలేదు

గెలిచాను! జిల్లా చెస్ జట్టులో నాకు చోటు దొరికింది! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, అది చేతికొచ్చిన రోజు కూడా ఇంతలా ఎగరలేదు.

నాకు ఆట నేర్పింది బాపు, మా నాన్న. గోదావరిఖనిలో గని పైకప్పుకు సపోర్టులు పెట్టే పని ఆయనది. డ్యూటీ దిగాక తోటివాళ్ళతో క్వార్టర్ల అరుగు మీద ఆడేవాడు. వాళ్ళ పాత పద్ధతిలో రాజు ఆటకోసారి గుర్రంలా దూకవచ్చు. పోటీల్లో ఆ లెక్క చెల్లదని నాకెవరూ చెప్పలేదు. పోయినేడు ఆఖరి ఆటలో నా రాజును దూకించాను. హాలంతా నవ్వింది. ముట్టుకున్న పావునే కదపాలన్నారు. రాజును ఒక గడి జరిపాను, ఓడిపోయాను.

"నా వల్లనే పోయింది బిడ్డా," అని బాపు బోర్డును అటక మీద పెట్టేశాడు. ఏడాదిగా దించలేదు.

ఇవాళ ఆఖరి ఆటలో ఎదురుగా మళ్ళీ పోయినేడు నన్ను ఓడించిన ఆ జ్యోతినగర్ ఇంజినీరుగారి అమ్మాయే.

"ఏంటీ, మీ రాజు ఈసారి కూడా గుర్రమెక్కుతాడా?" అంది.

"కూసోని సూడు," అన్నాను.

మూడో ఎత్తుకే ఆమె గుర్రాన్ని ముందుకు దూకించి, నడిమి బంటును కాపలా లేకుండా వదిలేసింది. తినమన్నట్టే ఉంది. నా చెయ్యి లేచింది. బాపు కొత్త కార్మికులకు చెప్పే మాట గుర్తొచ్చింది: "సపోర్టు పెట్టకుండ బొగ్గు ముట్టొద్దు." ఆ బంటును వదిలేసి, ఒకే ఎత్తులో రాజును మూలకు జరిపి, పక్కన ఏనుగును నిలబెట్టాను. ఆమె రాజు మాత్రం నడిమిలోనే ఉండిపోయాడు. నా మంత్రి, ఒంటె కలిసి అక్కడే పట్టుకున్నాయి. ఆట కట్టు.

బయటికొచ్చి మొదటి ఫోన్ ఇంటికే.

"బాపు, గెలిచిన!"

"రాజు దూకిండా?"

"దూకలే. మూలకు కూసున్నడు. ఏనుగును సపోర్టు పెట్టిన."

ఫోన్‌లో అటక మీద ఏదో జరుగుతున్న చప్పుడు.

"బోర్డు దించుతున్న. జల్ది రా. గా మూలకు పోవుడేందో నాకు గూడ నేర్పాలె."

ఇంకా చాలామందికి చెప్పాలి. ఈ ఏడాది నాకు రాజును మూలకు చేర్చడం నేర్పిన కాలేజీ లైబ్రరీ సారుకు. బాపుతో అరుగు మీద ఆడే కాకకు. కమాన్‌పూర్‌లో మేనత్తకు. "ఆడిపిల్లకు చెస్సేంది," అన్న బసంత్‌నగర్ బావకు, కాదు, అందరికన్నా ముందు బావకే.