వరాలక్క కళ్లు పడ్డ కడుపు

గాజుల చప్పుడు నాకు కొత్త కాదు. చీపురుపల్లి బజారులో మాది గాజుల కొట్టు. షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా చెవుల్లో అదే గలగల. అయినా మొన్న సీమంతం గాజులకని వచ్చిన ఒక అమ్మాయి, ఎర్ర గాజులు మణికట్టు దాటుతుండగా "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. గాజు గుచ్చుకుందేమో అనుకున్నాను. కాదు. ఆ పిల్ల పొట్ట మీద, ఒక పక్కన, చీర చిన్నగా లేచి పడింది. లోపలి బిడ్డ కాలో చెయ్యో విదిల్చింది. ఆ అమ్మాయి సిగ్గుగా నవ్వింది. నాకు మాత్రం కడుపు మండింది. ఈ వయసులో ఇదేం పోయేకాలం అని మీరనుకుంటే అనుకోండి. నిండు కడుపు కంటబడితే నాకిప్పటికీ కుళ్లే. ఆ కుళ్లు లేచినప్పుడల్లా మా వరాలక్క గుర్తొస్తుంది.

వరాలక్క అసలు పేరు వరహాలమ్మ. నాకు తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను కోడలిగా అడుగుపెట్టేసరికే కొట్టంతా ఆవిడ చేతిలో ఉంది. గాజులు తొడగడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. రాజాం నుంచీ గరివిడి నుంచీ వచ్చిన ఆడవాళ్లు "పెద్ద కోడలు నేదేటి?" అని అడిగేవారు. లేదంటే గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవారే గాని నా ముందు చెయ్యి చాపేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. నేనూ అదే సబ్బునీళ్లు రాస్తాను, అవే గాజులు ఎక్కిస్తాను. మరి నా దగ్గరే ఎందుకు చిట్లుతాయి? ఒకరోజు ఆవిడే నా పక్కన చతికిలబడి చెప్పింది. "సేతికేసి సూడకే పిల్లా. ముకం సూడు. నొప్పి సేతికన్నా ముందు ముకంలోకి వస్తాది. అప్పుడు ఆపు." అంతే విద్య. మర్నాటి నుంచి నా చేతిలో గాజు విరగడం తగ్గింది. నేర్పినందుకు సంతోషించాలి కదా, నాకు ఇంకా కోపం వచ్చింది, ఇంత చిన్న కిటుకు ఇన్నాళ్లూ తన దగ్గరే పెట్టుకుందని.

అసూయ అందరికీ ఉంటుంది, దాన్ని దాచుకునే తెలివీ ఉంటుంది. వరాలక్కకి ఆ తెలివి మాత్రం లేదు. మా పుట్టింటివాళ్లు నాకు పట్టుచీర పెడితే దాన్ని చేత్తో తడిమి, "ఇది నీ ఒంటికన్నా నా ఒంటికి బాగుంటాది. నాకు కుళ్లొచ్చేస్తన్నాది" అని పదిమందిలో అనేసేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నాకు నెల తప్పేదాకా.

నేను ఆ ఇంటికి రాకముందు వరాలక్కకి ఒక కాన్పయింది. నెలలు నిండిన బిడ్డ కడుపులోనే పోయింది. ఆ తర్వాత ఆవిడకి మళ్లీ కడుపు పండలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. నాక్కూడా పక్కింటివాళ్లు చెబితేనే తెలిసింది. అలాంటి మనిషి కళ్లెదుట నా పొట్ట రోజురోజుకీ పెరిగింది. కొట్టులో గాజులు సర్దుతున్నా, వంటింట్లో బియ్యం ఏరుతున్నా ఆవిడ చూపు నా నడుము దగ్గరే తచ్చాడేది. బిడ్డ కదలడం నాకు తెలియడం మొదలైన దగ్గర్నుంచి ఆవిడకి ఒకటే ప్రశ్న. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగేది, సాయంత్రం కొట్లో దీపం పెడుతూ అడిగేది. "ఒసే, మెసుల్తన్నాదా?"

మా అత్తగారికి ఆ ప్రశ్న వింటే హడలు. వరాలక్క అటు వెళ్లగానే నా చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. "దాని కళ్లు మంచివి కావే. మెసుల్తన్నాదని సెప్పకు. ఎక్కడ, మెసలడమే నేదు అను" అని నేర్పింది. మా వైపు ఇది మామూలే. బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే "ఎక్కడమ్మా, తిండే తినడు" అంటాం. ఉన్నదాన్ని లేదంటే దిష్టి తగలదని నమ్మకం. నేనూ అలాగే అనేదాన్ని. లోపల బిడ్డ డొక్కలో తన్నుతూ ఉండగానే, "ఎక్కడక్కా, మెసలడమే నేదు" అని ముఖం వేలాడేసేదాన్ని. ఆవిడ నా ముఖంలోకి ఓ క్షణం చూసి, "ఊఁ" అని తన పనిలో పడిపోయేది. నమ్మేసిందని లోలోపల మురిసిపోయేదాన్ని. గాజుల దగ్గర నన్ను ఓడించిన మనిషిని ఇక్కడ ఓడించాను కదా! ఆ రోజుల్లో నా కడుపు నాకంత అందంగా కనిపించడానికి సగం కారణం ఆవిడ కుళ్లే.

నెలలు నిండాయి. మామూలుగా టిఫిను తినగానే లోపల గెంతులు మొదలయ్యేవి. పొట్ట మీద పళ్లెం పెట్టుకుంటే పళ్లెం కదిలేది. అలాంటిది ఒకరోజు సాయంత్రం నుంచి ఆ జోరు తగ్గింది. మర్నాడు పొద్దున్న టిఫిను అయింది, కాఫీ అయింది, ఎడమవైపు తిరిగి పడుకుని చూశాను. ఎప్పుడో ఒకసారి, బద్ధకంగా, ఏదో పొర్లినట్టు. అంతే. అత్తగారితో చెప్పాను. "నెల నిండితే బిడ్డకి సోటు సాలదు, ఇంకెక్కడ మెసుల్తాది? నెమ్మదైన బిడ్డ. ఇయాల అమాస, గడప దాటకూడదు. రేపెల్దాం" అంది. ఆవిడ ప్రేమలో లోటు లేదు, తనకి తెలిసింది చెప్పింది. మా ఆయన కూడా సరేనన్నాడు. బిడ్డ మెసులుతుందేమోనని చల్లటి నీళ్లు తాగాను, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. ఏమీ మారలేదు.

సరిగ్గా అప్పుడే వరాలక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "మెసుల్తన్నాదా?"

ఆ ప్రశ్న వినగానే నాలో భయంకన్నా పంతం ముందు లేచింది. ఈవిడ ముందు నేను ఏడవాలా? తలెత్తి, నవ్వు తెచ్చిపెట్టుకుని, "బాగా మెసుల్తన్నాదక్కా. ఒకటే తన్నులు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నా ముఖమే చూస్తూ దగ్గరికి వచ్చింది. "ఇన్నాళ్లూ మెసల్నేదన్నావు. అప్పుడల్లా మెసిలింది. ఇయాల మెసుల్తన్నాదంతన్నావు. లే, ఎల్దాం."

నా అబద్ధం ఒక్కరోజు కూడా ఆవిడ దగ్గర చెల్లలేదని నాకప్పుడు తెలిసింది. రోజూ జవాబు నా నోట్లోంచి కాదు, ముఖంలోంచి తీసుకుంది. అత్తగారు అడ్డం వచ్చి, "అమాసే! నీకేటి పోయింది, దాన్ని బయటికి లాగుతన్నావు?" అంది.

"నాకూ రేపే అన్నారత్తా" అంది వరాలక్క. గొంతు కూడా పెంచలేదు. "నాకూ నెమ్మదైన బిడ్డే అన్నారు."

ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. అత్తగారు పక్కకి తప్పుకుంది. మా ఆయన ఆటో తెచ్చాడు. నెల్లిమర్ల దాటి విజయనగరం చేరేదాకా వరాలక్క నా పొట్ట మీద చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూసింది. మిషనులోంచి కాగితం బయటికి వస్తున్నంతసేపూ నేను కాగితాన్ని చూడలేదు, డాక్టరమ్మ ముఖం చూశాను. విషయం ముందు అక్కడికే వచ్చింది. "బిడ్డ నీరసపడుతోంది, ఇంక ఆగలేం" అంటూ ఆపరేషనుకి ఏర్పాట్లు చేయించింది.

పాప బతికింది. పుట్టగానే ఏడవలేదట. కాసేపు వాళ్లేవో తంటాలు పడ్డాక ఏడ్చిందట. "అట" అని ఎందుకంటున్నానంటే, నాకు మెలకువ వచ్చేసరికి పాప వరాలక్క ఒళ్లో ఉంది. నా కూతుర్ని నాకన్నా ముందు ఆవిడ చూసింది. తర్వాత డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది. "నెలలు నిండాయని కదలిక తగ్గదమ్మా. తన్నే తీరు మారొచ్చు గాని తగ్గకూడదు, ఆగకూడదు. తల్లికి రోజూ తెలిసే కదలిక తేడాగా ఉంటే నీళ్లు తాగి, తీపి తిని కూర్చోవద్దు. అప్పుడే రండి. అమావాస్య అనీ రేపు అనీ ఆగకండి." అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను వింటూనే, పాపని నాకెప్పుడిస్తుందా అని వరాలక్క చేతులకేసి చూస్తున్నాను.

అప్పటి నుంచి కుళ్లు నా వంతయింది. నా దగ్గర గుక్కపట్టి ఏడ్చే పిల్ల ఆవిడ భుజమెక్కితే నోరు మూసేది. నేను కలిపిన ముద్ద ఉమ్మేసి, అదే పప్పన్నం ఆవిడ పెడితే తినేది. మొదట పలికిన మాట "అమ్మ" అయితే బాగుండునని నేను దేవుళ్లకి మొక్కుకుంటే, అది "పెద్ద, పెద్ద" అంటూ పెద్దమ్మ వెంట పాకింది. ఒకసారి జ్వరంలో నా పక్కలోంచి లేచి, "పెద్దమ్మ కావాలి" అని మారాం చేసింది. నాకు కోపంతో ఒళ్లు తెలియలేదు. వరాలక్క మీదకి వెళ్లి, "నా పిల్లని నాకు ఉంచుతావా, నేదా? కన్నది నేను!" అని అరిచాను.

"కన్నది నువ్వే" అంది ఆవిడ. "కనిపెట్టుకున్నది నేను."

ఏడుస్తూ, ఎన్నాళ్లనుంచో గొంతులో ఉన్నది అడిగేశాను. "అప్పుడు నామీద నీకు కుళ్లు కదా అక్కా? నిజం సెప్పు. మరి నన్నెందుకు తీసుకెళ్లినావు?"

"కుళ్లేనే" అంది, నా కూతురి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ. "కుళ్లు నేకపోతే పొద్దస్తమానం నీ పొట్టకేసి ఎందుకు సూస్తాను? అత్తకి నీమీద ప్రేమ. ప్రేమున్నోళ్లకి అంతా బాగున్నట్టే కనపడతాది. నాకు అలగ కాదు. ఆ బిడ్డ నాదైతే బాగుండునని రోజూ సూసినాను. నాదైతే పోనిత్తునా?"

చాలా ఏళ్లు ఆ మాటని నేను అసూయతోనే మోశాను. నా బిడ్డని నాకన్నా ఎక్కువగా కోరుకున్న మనిషి ఒకరున్నారంటే ఏ తల్లికి మాత్రం నిద్ర పడుతుంది? ఆ ఆపరేషను తర్వాత నాకు మళ్లీ కడుపు రాలేదు. ఉన్న ఒక్క పిల్లని ఇద్దరం పంచుకున్నాం. సర్దుకుపోయామని చెప్పను, పోట్లాడుకుంటూనే పంచుకున్నాం. నిరుడు వరాలక్క గుండెపోటుతో పోయింది. విజయనగరంలో చదువుకుంటున్న నా కూతురు పరుగెత్తుకొచ్చి ఆవిడ పాదాలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు చూసి, నేను పోయినప్పుడు నాకోసం ఇలా ఏడుస్తుందా అనుకున్నాను. శవం ఇంట్లో ఉండగా కూడా నాకు వచ్చిన ఆలోచన అది. వరాలక్క వినుంటే పకపకా నవ్వి ఉండేది. ఇప్పటికీ పిల్ల ఫోను తెరిస్తే ఆవిడ బొమ్మే కనిపిస్తుంది. నా బొమ్మ ఎక్కడుందో నేను అడగలేదు.

మొన్నటి అమ్మాయి దగ్గరికి వస్తాను. ఎర్ర గాజులు రెండో చేతికి ఎక్కిస్తూ, చేతికేసి కాకుండా ముఖం చూస్తూ అడిగాను. "మెసుల్తన్నాదా అమ్మా?"

ఆ పిల్ల, పక్కనే కూర్చున్న తన అత్తగారికేసి ఓరగా చూసి, పెదవుల చివర నవ్వు ఆపుకుంటూ, "ఎక్కడండీ, మెసలడమే నేదు" అంది. నా ప్రాణం కుదుటపడింది. అయినా డాక్టరమ్మ ఆనాడు చెప్పినదంతా చెప్పాను. ఎప్పుడైనా నవ్వు రాకుండా ఆ మాట అనాల్సి వస్తే ఇంట్లో ఎవరు ఆపినా ఆగొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లమన్నాను. నేను మాట్లాడుతుండగానే ఆ అత్తగారు కోడలి కొంగు లాగి పొట్ట మీద కప్పింది. "ఏటమ్మా, మా పిల్ల కడుపుకేసి అలగ సూస్తన్నావు?" అంది.

ఇంటికి వెళ్లగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పుతుంది. తిప్పనీ.

"కుళ్లమ్మా" అన్నాను. "రేపు కూడా తీసుకురా. ఇంకోసారి సూస్తాను."